తనిఖీనాటి పిల్లలు

ఎల్లారెడ్డి పెద్దబడిని కామారెడ్డికి తరలిస్తారన్న కబురు మా ఇంటికి మా అన్న లస్మయ్య తెచ్చాడు. మా పుట్టిల్లు కామారెడ్డి. అన్న అక్కడ రైల్వే గోదాములో గుమాస్తా. నన్ను ఎల్లారెడ్డికి ఇచ్చారు. మా ఆయన సీతారాం ఆ పెద్దబడిలోనే తెలుగు పంతులు. నిజాంసాగర్ కట్టి కొన్నేళ్లయిన రోజులవి. మా చుట్టుపక్కల పదో తరగతి దాకా చెప్పే సర్కారు బడి ఇంకోటి లేదు.

ఎండాకాలం చివర ఒక మధ్యాహ్నం అన్న బస్సు దిగి వచ్చి, కాళ్లు కడుక్కుని, మా ఆయన పక్కన అన్నానికి కూర్చున్నాడు.

"బావా, ఇగ సామాన్లు కట్టుకో. మీ బడి మా ఊరికొస్తున్నది" అన్నాడు నవ్వుతూ.

ముద్ద కలుపుతున్న మా ఆయన చెయ్యి ఆగింది. "ఎవలన్నరు?"

"అందరు అంటున్నరు. మిల్లులోళ్లు స్టేషన్ పక్కన జాగ ఇస్తమన్నరు. సర్కారుకు గూడ మనసైంది. అయినా మీదొక బడా బావా? గుర్రాలను కట్టేసిన కొట్టంల పిల్లలను కూసోబెడుతున్నరు."

అన్న అన్నదాంట్లో అబద్ధం లేదు. బడి నడిచేది పాత సరాయిలో. ఒకప్పుడు బాటసారులు గుర్రాలతో దిగి తలదాచుకున్న చోటు. దూలాలకు చెదలు పట్టింది. వాన పడితే పిల్లలు పలకలు నెత్తిన పెట్టుకుని ఈ మూల నుంచి ఆ మూలకు జరిగేవాళ్లు. పైగా సాగర్ నీళ్లలో ఊళ్లు మునిగి జనం చెదిరిపోయాక బడికి వచ్చేవాళ్లూ తగ్గారు.

"మీకు రైలున్నది, మిల్లులున్నయి, దవాఖాన ఉన్నది" అన్నాడు మా ఆయన. "మాకున్నది ఈ బడొక్కటే. ఇది గూడ తీస్కపోతే ఈ దిక్కు పోరడు ఏడికి పోయి సదువుతడు? కామారెడ్డిల ఇల్లు కిరాయికి పట్టి సదివించెటోడు ఎవడున్నడు ఈడ?"

"మరి ఆ కప్పు కూలి పోరల మీద పడితే?"

"కప్పు బాగు చేసుకుంటం."

"ఎన్నేండ్ల సంది చేసుకుంటున్నరు?"

మా ఆయన ఆగిన ముద్దను మళ్లీ కలిపాడు. నాకు ఇద్దరి మాటా సబబుగానే తోచింది. అన్న మజ్జిగ పోసుకోకుండానే లేచాడు. సాయంత్రం బస్సుకు వెళ్తూ గుమ్మంలో ఆగి, "బావ మంచోడే చెల్లె. గని పంతం పట్టిండు" అన్నాడు నాతో.

వారం తిరగకముందే ఊరంతా అదే మాట. బావుల దగ్గర, అంగట్లో, మంగలి కత్తి కింద కూడా అదే. బడి పోతే తమ ఊరు ఊరు కాకుండా పోతుందని దుకాణాలవాళ్లు అన్నారు. పోతే పోనీ, మా పిల్లల ప్రాణాలు దక్కుతాయి అన్నవాళ్లూ ఉన్నారు. బట్టల దుకాణం మంగవ్వ తన మనవణ్ణి వానాకాలం బడికి పంపనని మా ఆయన మొహం మీదే చెప్పింది. ఊరి శిస్తు వసూలు చేసే మాలిపటేలు మాత్రం బడి కదలడానికి వీల్లేదన్నాడు. ఊళ్లో ఆయన మాటకు ఎదురు లేదు. పెద్దలంతా సరాయి వాకిట్లో కూర్చుని మాట్లాడుకున్నారు.

ఆ కూటమి నుంచి మా ఆయన మొహం విప్పుకుని ఇంటికి వచ్చాడు. ఆయన్ని అట్లా చూసి చాలా కాలమైంది.

"ముహతమీం సాబ్ వస్తున్నడట" అన్నాడు. బళ్లను తనిఖీ చేసే పెద్ద అధికారిని అప్పుడు అట్లా అనేవాళ్లు. "తొలకరి పడ్డంక వస్తడు. పోరలు తక్కువున్నరనే గద బడి ఎత్తేస్తమంటున్నరు. గది నిండ పోరలుంటే ఆయన ఏమంటడు? కప్పు మీద కొత్త గూన పెంకలు కప్పిస్తనని పటేలు ఒప్పుకున్నడు. పోరలను తెచ్చే పని నాది."

"ఏడికెల్లి తెస్తవు?"

"తండాకు పోవాలె. నువ్వు గూడ రావాలె."

"నేనెందుకు?"

"మొగోళ్లు అడిగితే వాళ్లు బెదురుతరు. ఆడమనిషి అడిగితే తల్లులు నమ్ముతరు."

పెళ్లయ్యాక ఆయన తన పనికి నన్ను తోడు రమ్మనడం అదే మొదలు. నాకు నాలుగక్షరాలు నేర్పింది ఆయనే. ఆ అక్షరాలు ఒకరికి పనికొస్తాయనుకుంటే కాళ్లు నేల మీద ఆగలేదు. మంచి చీర కట్టుకుని బయల్దేరాను.

లంబాడీల తండా ఊరికి పడమట, గుట్ట దాటాక ఉంది. మేం వెళ్లేసరికి మొదటి గుడిసె వాకిట్లో సేవ్లి అనే ఆమె జొన్నలు చెరుగుతోంది. చేటతో పాటు మోచేతుల పై దాకా ఉన్న తెల్లటి గాజులు కదులుతున్నాయి. మమ్మల్ని చూసి కొంగు సర్దుకుని మొగుణ్ణి పిలిచింది. భీక్యా వచ్చి మాకు మంచం వాల్చి తాను కింద కూర్చున్నాడు.

మా ఆయన సంగతి చెప్పాడు. భీక్యా తల వంచుకుని విన్నాడు.

"మా పోరలకు సదువేంది పంతులు? మా కొడుకు హీర్యాగాడు పటేలు కాడ జీతమున్నడు. వాడు బడికొస్తే పసులను ఎవలు కాస్తరు?"

"పటేలుతోటి నేను మాట్లాడిన. తోలియ్యిమన్నడు."

భీక్యా నమ్మలేనట్టు చూశాడు. "పటేలే అన్నడా?"

"పటేలే అన్నడు."

సేవ్లి చేట పక్కన పెట్టి నా దగ్గరికి జరిగింది. ఆమె మా ఆయన్ని అడగలేదు. నన్నే అడిగింది.

"అమ్మా, మా పోరలను లోపట కూసోనిస్తరా? వాకిట్ల కూసోబెడ్తరా?"

"లోపటనే. అందరితోటే."

"ఎన్నొద్దులు?"

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన చెప్పుల్లో ఇరుక్కున్న ముల్లు తీసుకుంటున్నాడు.

"ఎన్నొద్దులేంది?" అన్నాను నేనే. "సదువు ఒడిసెదాక."

సేవ్లి నా చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది. పక్క గుడిసెల నుంచి రామ్లి, ఇంకొందరు తల్లులు వచ్చి చుట్టూ చేరారు. వాళ్లందరికీ అదే మాట చెప్పాను. అడగనివాళ్లకు కూడా చెప్పాను.

తొలకరి ముందు ఆ కొన్నాళ్లూ పొద్దున్నే తండా పిల్లలతో మా అరుగు నిండేది. బడికి వెళ్లే ముందు వాళ్లకు అక్షరాలు దిద్దించే పని నాది. మంగవ్వ మనసు మార్చుకుని చొక్కాల గుడ్డ ఇచ్చింది. నేనూ ఆమే కూర్చుని కుట్టాం. పిల్లల తలలకు నూనె రాశాం, చిక్కులు తీశాం. హీర్యా అందరికంటే పెద్దవాడు, అందరికంటే మొద్దని మొదట అనుకున్నాను. బలపం వేళ్ల మధ్య నిలిచేది కాదు. చదువు మధ్యలో ఉన్నట్టుండి లేచి నిలబడేవాడు.

"ఏడికిరా?" అని అడిగితే, "పసులకు నీళ్ల యాళ్లయింది" అనేవాడు. అని, తానే గుర్తు తెచ్చుకుని నాలుక కరుచుకుని కూర్చునేవాడు.

బలపం వదిలేసి వాకిట్లో ఇసుక మీద వేలితో రాయమన్నాను. ఇసుక మీద వాడి చెయ్యి పారింది. అక్షరం పక్కన అక్షరం పెడితే మాట అవుతుందని తెలిసిన రోజు వాడు ఇంటికి పోకుండా చీకటి పడేదాకా మా వాకిట్లోనే ఉండిపోయాడు. కనపడిన ప్రతిదాని పేరూ రాసి చూపించాడు. కొన్ని తప్పు రాశాడు. నేను దిద్దలేదు, వాడి సంబరం చూస్తూ కూర్చున్నాను. మా ఆయన బడి నుంచి వచ్చి ఆ రాతల మీద కాలు పడకుండా పక్క నుంచి నడిచి లోపలికి వెళ్లాడు. వాణ్ణి మెచ్చుకుంటాడేమో అనుకున్నాను. ఆయన లోపల దీపం వెలిగించుకున్నాడు.

ముహతమీం సాబ్ ముసురు పట్టిన రోజున వచ్చాడు. ఆయనకు ఫలహారాలు చేసే పని మంగవ్వకూ నాకూ అప్పజెప్పారు. సరాయి వెనుక పంచలో పొయ్యి పెట్టుకున్నాం. చిన్నపిల్లల తరగతి కిటికీ మాకు ఎదురుగానే ఉంది. ఆ తరగతిని సిగీర్ అనేవాళ్లు. తండా పిల్లలంతా కొత్త చొక్కాల్లో షావుకార్ల పిల్లల పక్కనే చాప మీద కూర్చున్నారు. నేను పొయ్యి మంగవ్వకు వదిలేసి కిటికీ దగ్గర నిలబడ్డాను.

ముహతమీం సాబ్ సన్నటి మనిషి. నల్లటి షేర్వానీ, ఎర్ర టోపీ. వెనుక పటేలు, పెద్ద పంతులు, ఊరి పెద్దలు. ఆయన గదంతా కలియజూసి తృప్తిగా తల ఊపాడు. అప్పుడే కప్పు కారడం మొదలైంది. పటేలు వేయించిన కొత్త గూనల సందులోంచే నీళ్లు. మొదటి చుక్క ఆయన భుజం మీద పడింది, తర్వాతిది టోపీ మీద. ఎవరూ కదలలేదు. పెద్ద పంతులు మొహం మాడిపోయింది. మా ఆయన నల్లబల్ల పక్కన కొయ్యలా నిలబడిపోయాడు.

ముహతమీం సాబ్ మీద పడ్డ నీళ్లు తుడుచుకోకుండా, చేతికర్రతో నల్లబల్ల మీది ఒక మాటను చూపించి, "కౌన్ పఢేగా? ఎవలు సదువుతరు?" అన్నాడు.

షావుకారు పిల్లలు బెదిరి తల వంచుకున్నారు. హీర్యా లేచాడు. గుట్ట మీది పశువులను కేకేసే గొంతుతో చదివాడు.

"వాన."

బల్ల మీద ఉన్న మాట అదే. ముహతమీం సాబ్ వాడి వైపు చూశాడు, తలెత్తి కప్పు వైపు చూశాడు. ఇంకో చుక్క ఆయన ముక్కు మీద పడింది.

"నీకు సదువు పంతులు చెప్పిండా బేటా, ఈ కప్పు చెప్పిందా?" అని ఆయన నవ్వాడు.

ఆయన నవ్వగానే పటేలు నవ్వాడు. పెద్ద పంతులు నవ్వాడు. బిగబట్టుకుని ఉన్న గదంతా ఒక్కసారి నవ్వింది. కిటికీ బయట నేనూ నవ్వాను. హీర్యా మాత్రం అందరి మొహాలూ మార్చి మార్చి చూసి, మెల్లగా కూర్చుని, మోకాళ్ల మీద తల పెట్టుకున్నాడు.

పోయే ముందు ముహతమీం సాబ్ మా ఆయన భుజం తట్టాడు. తండా పిల్లలు సైతం చదివే బడిని ఎత్తివేయడం అన్యాయమన్నాడు. కప్పు మరమ్మతు సర్కారు ఖర్చుతో మంజూరు చేయిస్తానన్నాడు. ఆయన బండి కనుమరుగయ్యేదాకా ఆగి పటేలు డప్పులు పెట్టించాడు. మా ఆయన మెడలో బంతిపూల దండ వేశారు. బడి నిలిచింది.

మర్నాడు ముసురు తెరిపి ఇచ్చింది. నేను బావి నుంచి నీళ్లు తెస్తూ సరాయి ముందు నుంచి వస్తున్నాను. తండా పిల్లలు వాకిట్లో నిలబడి ఉన్నారు. తరగతి గుమ్మంలో మా ఆయన నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి దర్వాజ మీద ఆనించి ఉంది. లోపల మిగతా పిల్లలు ఎక్కాలు వల్లె వేస్తున్న చప్పుడు బయటికి వినిపిస్తోంది.

"ఇయ్యాల లేదురా. ఇంటికి పోండ్రి" అన్నాడు.

"రేపు రావాల్నా పంతులు?" అని హీర్యా అడిగాడు.

"కబురు పంపుత."

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వెనుదిరిగి నా పక్క నుంచే వెళ్లారు. చిన్నవాళ్లు నన్ను చూసి నవ్వారు. హీర్యా తలెత్తలేదు.

మధ్యాహ్నం ఆయన ఇంటికి వచ్చేదాకా నేను అన్నం వండలేదు.

"బడి నడుస్తనే ఉన్నది గద?" అన్నాను.

"ఉన్నది."

"మరి వాళ్లకు లేదంటివి?"

ఆయన టోపీ తీసి చిలక్కొయ్యకు తగిలించాడు. నాకు వీపు పెట్టే మాట్లాడాడు. "పటేలుకు పసులకాడ పోరలు కావాలె. తమ పిల్లల పక్కన కూసుంటే ఊకునేది లేదని షావుకార్లు అంటున్నరు. తనిఖీ దాకనే అని అనుకున్నరు ముందే."

"ఎవలనుకున్నరు?"

"అందరు."

"నువ్వు?"

ఆయన టోపీని కొయ్య మీద సరిచేశాడు. "నేను గూడ ఆ కూటమిలనే ఉంటి" అన్నాడు.

"నాకు చెప్పకపోతివి."

"చెప్తే నువ్వు వాళ్లకు గట్ల చెప్పకపోదువు."

ఆ మాట ఆయన కోపంతో అనలేదు, దబాయించీ అనలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. నన్నెందుకు తోలుకుపోయాడో, సేవ్లి అడిగినప్పుడు ముల్లు ఎందుకంతసేపు తీశాడో అప్పుడు తెలిసింది. మంచి చీర కట్టుకుని వెళ్లి, అడగనివాళ్లను కూడా పిలిచి మరీ చెప్పి వచ్చాను.

"బడి పోతే మొత్తానికే పోతుండె" అన్నాడు ఆయన మళ్లీ. "ఇప్పుడు బడి ఉన్నది. ఉంటే, ఎప్పుడన్న ఒకనాడు వాళ్ల పోరలు గూడ లోపటికి వస్తరు."

నేను లేచాను. పొయ్యి వెలిగించాను. ఆయన తినలేదు, నేనూ తినలేదు.

తండా వాళ్లు వచ్చి నా మొహం మీద దుమ్మెత్తి పోస్తారని ఎదురు చూశాను. ఎవరూ రాలేదు. సంత రోజున సేవ్లి కనిపిస్తే ఏం చెప్పాలో మనసులో కూర్చుకుని వెళ్లేదాన్ని, ఆమె కనిపించేది కాదు. ఒకసారి వాగు దగ్గర హీర్యా ఎదురయ్యాడు. పటేలు పశువులను తోలుకుంటూ వస్తున్నాడు. నన్ను చూడగానే ఉన్న దారి వదిలేసి మందనంతా ముళ్లపొదల్లోకి మళ్లించాడు. అందులోంచి పశువులు బెదిరి అరుస్తుంటే విన్నాను. వాడికి నా మీద అంత కోపం ఉండడం న్యాయమే అనుకున్నాను.

మా ఆయనకు ఊళ్లో మర్యాద పెరిగింది. దుకాణాల్లో లేచి పీట వేసేవాళ్లు. ఆయన మాత్రం అంగడి దారిన నడవడం మానేశాడు. జొన్న కంకులు పాలుపోసుకునే రోజుల్లో, ఒక ఆదివారం తనే అన్నాడు.

"తండాకు పోదాం. ఉన్న మాట చెప్పి మాఫీ అడుగుత."

నేను చెప్పులు తొడుక్కున్నాను. దారి పొడుగునా ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి. చెప్పబోయేది తిప్పి తిప్పి అనుకుంటున్నాడు.

భీక్యా మమ్మల్ని దూరం నుంచే చూసి ఎదురొచ్చాడు. మంచం వాల్చి దాని మీద బొంత పరిచాడు. సేవ్లి పలకరించి లోపలికి వెళ్లి పాలు కాగబెట్టింది. హీర్యా పాక నీడలో మాకు వీపు పెట్టి కూర్చుని తాడు పేనుతున్నాడు. మా ఆయన గొంతు సవరించుకున్నాడు. ఆయన నోరు విప్పేలోపే భీక్యా చేతులు జోడించాడు.

"నేనే మీ ఇంటికి వద్దామనుకున్న పంతులు. మొఖం చెల్లలే. మీరు ఇంత కష్టపడి సదువు చెప్తిరి. అమ్మ కూసుండి అంగీలు కుట్టె. వీడు దొర ముంగట తప్పు సదివి అందరు నవ్వెతట్టు చేసిండు. మీ పరువు తీసిండు."

మా ఆయన తలెత్తి చూశాడు.

"వాడే చెప్పిండు" అన్నాడు భీక్యా. "నేను సదివిన, అందరు నవ్విండ్రని. వీని వల్లనే తక్కిన పోరలను గూడ తీసేసిండ్రని తండంత వీన్ని తిడ్తున్నరు. నేను గూడ కొట్టిన. బాగనే కొట్టిన. మళ్లొక్క యేడు సూడుండ్రి పంతులు. వీన్ని కాదు, చిన్నపోరలనన్న తీస్కోండ్రి."

సేవ్లి పాల గిలాసలు తెచ్చి మా చేతికిచ్చింది. మా ఆయన రెండు చేతులతో గిలాస పట్టుకున్నాడు. నేను ఆయన మొహంలోకే చూస్తున్నాను. దారంతా అనుకుంటూ వచ్చిన మాటలు ఆయన గొంతు దాకా రావడం నాకు కనిపించింది. కళ్లు దించుకున్నాడు.

"సూద్దాం భీక్యా" అన్నాడు.

పాకలో తాడు పేనుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"తప్పు సదవలే" అన్నాను.

భీక్యా నా వైపు తిరిగాడు.

"నీ కొడుకు తప్పు సదవలే. సరిగ్గనే సదివిండు. బల్ల మీద ఉన్నది వాననే."

"మరి నవ్విండ్రు గదమ్మా?"

"అదే గడియల కప్పు కారి దొర మీద నీళ్లు పడ్డయి. అందుకు నవ్విండ్రు. నేను గూడ నవ్విన. వాడు సదివితేనే దొర మనసు మారింది. వాడు సదివితేనే బడి నిలవడ్డది."

సేవ్లి తమ భాషలో కొడుకుతో ఏదో అంది. హీర్యా ఇటు తిరగలేదు. వాడి చేతుల్లో తాడు ఆగింది.

భీక్యా కొడుకు వీపు వైపు చూశాడు. తర్వాత మా ఆయన వైపు చూశాడు. సరిగ్గా చదివితే మరి ఎందుకు తీసేశారని అడుగుతాడనుకున్నాను. అడిగితే మా ఆయన చెప్పక తప్పదు, ఆయన చెప్పకపోతే నేను చెప్తాను. ఆ ప్రశ్న కోసమే మేమిద్దరం ఎదురు చూస్తూ కూర్చున్నాం. భీక్యా చూపు మా ఆయన మొహం మీద నుంచి కదల్లేదు. అందులో తెలియనితనం కొంచెం కొంచెంగా పోయింది. జోడించి ఉన్న చేతులు విడిపోయి మోకాళ్ల మీదికి వచ్చాయి.

అడగలేదు. కళ్లు తిప్పుకుని, జారిన బొంత అంచును మంచం మీదికి సర్దాడు.

"పాలు తాగుండ్రి" అన్నాడు. "సల్లారిపోతున్నయి."

తాగాము.